పంపినవారు: కనకయ్య

చనిపోయిన మనిషి ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టడం హారతి పని అయింది. పొద్దున లేవగానే తల్లికి వేడినీళ్ళు ఇవ్వడం, ఆమె వేలికి ఆక్సిజన్ మీటరు తగిలించి చూడడం, ఆ తర్వాత తండ్రి ఫోన్‌ను ప్లగ్గుకు పెట్టడం. ఆ ఫోన్ ఆరిపోకూడదు. ఆరిపోతే సిరిసిల్ల దగ్గరి ఊళ్ళో ఉన్న నర్సవ్వకు అనుమానం వస్తుంది. నర్సవ్వ కనకయ్యకు తల్లి. కొడుకు పోయాడని ఆవిడకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

రోజూ దీపాలు పెట్టే వేళకు ఫోన్ మోగేది.

"నా కొడుకు ఏడి బిడ్డా?"

"మిల్లుకు పోయిండు నాయినమ్మా. డబుల్ డ్యూటీ."

"ఎప్పుడు జేసినా మిల్లే. గా మిల్లుకు నా కొడుకొక్కడే దొరికిండా?"

మరుసటి రోజు స్నానం చేస్తున్నాడనేది. ఆ మరుసటి రోజు పడుకున్నాడనేది. చెప్పడానికి ఇంకేమీ మిగలక, బాపుకు గొంతు పోయింది, మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు అంది. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. ఇది బాగా అతికింది. నర్సవ్వ మిరియాల కషాయం ఎలా కాయాలో చెప్పి పెట్టేసింది. కోడలు ఎలా ఉందని మాత్రం ఒక్కరోజూ అడగలేదు. కోడలికి కూడా జ్వరమే అని ఆవిడకు తెలుసు. అయినా అడగలేదు. అత్తాకోడళ్ళ మధ్య పెళ్ళినాటి నుంచీ అంతే, పెద్ద పోట్లాట లేదు, పెద్ద మాటా లేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. కనకయ్య చిన్నప్పుడే సిరిసిల్ల మగ్గాలు వదిలి సూరత్ వచ్చి, సూరత్ మగ్గాల మీద సగం జీవితం గడిపి, మగ్గాల మోతకు చెవులు సగం పోయాక పాండేసరలో రంగుల మిల్లుకు మారాడు. జ్వరం వచ్చింది. మాత్ర వేసుకొని డ్యూటీకి వెళ్ళాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ మాత్ర వేసుకొని వెళ్ళాడు. మూడోసారి మిల్లు గేటు దగ్గరే కూలబడ్డాడు. దవాఖానకు నడిచి లోపలికి వెళ్ళిన మనిషి బయటికి నడిచి రాలేదు. మొహం చూడనివ్వలేదు, చూడడానికి ఇంట్లోంచి భార్య వచ్చే స్థితిలోనూ లేదు. సుభాషిణి అదే జ్వరంతో గది మూలన పడి ఉంది.

దహనం దవాఖానవాళ్ళే చేయించారు. మర్నాడు బూడిద తేవడానికి హారతి వెళ్ళింది. ఆడపిల్ల శ్మశానానికి వెళ్ళడమేమిటని అనేవాళ్ళు కూడా ఆ రోజుల్లో నోరు మూసుకున్నారు, ఎందుకంటే అన్నవాళ్ళే వెళ్ళాల్సి వస్తుంది. తపతి ఒడ్డున శ్మశానం గేటు దగ్గర చీటీలు కట్టిన మూటలు వరసగా పెట్టి ఉన్నాయి. హారతి చీటీ చూసి ఒక మూట తీసుకుంది. అది తండ్రిదే అని నమ్మింది. నమ్మక చేసేదేముంది?

నర్సవ్వకు చెప్పకూడదన్నది సుభాషిణి మాట. ఆ జ్వరంలో కూడా ఆమె ఒకే మాట మీద నిలబడింది.

"ఫోన్ల చెప్పుడు కాదు. అత్తకు ఒకసారి గుండె ఆపతి వచ్చింది. చెప్పినంక పట్టుకునేటోళ్ళు ఉండాలె. నేను లేసి నడిచిన్నాడు మనమే పోదాం. పక్కన కూసొని, చెయ్యి పట్టుకొని చెప్త."

"రోజూ అబద్ధం చెప్పేది నేను, నువ్వు కాదు," అంది హారతి.

"చెప్పు. నాకోసం జర చెప్పు."

కనకయ్య అన్న సదానందానికి మాత్రం చెప్పారు. నర్సవ్వ ఉండేది ఆయన ఇంట్లోనే. ఆయన ఫోన్‌లోనే ఏడ్చి, ముక్కు చీదుకొని, కాసేపటికి మళ్ళీ ఫోన్ చేశాడు. బూడిద తపతిలో కలపవద్దన్నాడు.

"మా నాయిన ధర్మపురి కాడ గోదావరిల కలిసిండు. వీడు గూడ ఆడనే కలవాలె. ఎట్లనన్న జేసి తోలియ్యున్రి. అవ్వకు తెల్వకుంట నేనే పోయి కలిపొస్త."

ఎట్లనన్న జేసి అన్నాడు గానీ ఎట్లా? సుభాషిణి నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆమెను ఒంటరిగా వదిలి హారతి వెళ్ళలేదు. సూరత్ నుంచి ఆ వైపు వెళ్ళే మనిషి దొరకలేదు. తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టారని వార్త. ఇక మిగిలింది పోస్టాఫీసు ఒక్కటే.

ఆ మాట వినగానే కింది గది రాజనర్సు మెట్లెక్కి వచ్చాడు. రాజనర్సు కనకయ్య పనిచేసిన మిల్లులోనే ముకద్దం, అంటే కూలీల మీద పెద్ద. చెడ్డవాడు కాదు. చుట్టాలు జంకిన రోజున శ్మశానం దాకా హారతికి తోడు వచ్చింది ఆయనే. కానీ నాకు తెలియదు అనే మాట పుట్టిన దగ్గర్నుంచీ ఆయన నోట రాలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, గుమ్మంలో నిలబడి మాస్కు గడ్డం కిందికి లాగి తీర్పు చెప్పాడు.

"పోస్టుల బూడిద తీసుకోరు. గందుల కరోనా బూడిద. తెలిసిందా, పోలీసులను పిలుస్తరు."

"అడిగి చూద్దాం కాకా," అంది హారతి.

"అడుగుతవా? అడిగితే వద్దంటరు. వద్దన్నంక మల్ల ఎట్ల పంపుతవు? చీర అని చెప్పు. సూరత్ నుంచి చీర గాక ఇంకేం పోతది?"

సుభాషిణి తల ఊపింది. ఆమెను తప్పుపట్టడం నాకు చేతకాదు. బతకవచ్చిన ఊళ్ళో కౌంటర్ల ముందు నిలబడి ఆ మనుషులు నేర్చుకున్నది అదే. అడిగితే కాదంటారు. కాదన్నాక చేస్తే తప్పవుతుంది. అడక్కుండా చేస్తే ఎవరికీ పట్టదు. రేషన్ కార్డు నుంచి అద్దె గది దాకా అన్నీ అలాగే గడిచాయి. ఇదీ అలాగే గడుస్తుందనుకున్నారు. పోస్టాఫీసు దాకా నడిచివెళ్ళి, అయ్యా, ఇలా ఒక మనిషి పోయాడు, ఏం చేయమంటారు అని అడగాలని ఆ గదిలో మిగతా ఇద్దరికీ తోచలేదు. తోచింది ఒక్క హారతికి. ఆమె మాట చెల్లలేదు.

చీర అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కనకయ్య ఏటా బతుకమ్మకు ముందు తల్లికి సూరత్ నుంచి ఒక చీర పోస్టు చేసేవాడు. మగ్గాల ఊరికి చీర పంపడమేమిటని గల్లీలో వాళ్ళు ఆటపట్టించేవారు. ఆయన పట్టించుకోకుండా చీరను గుడ్డలో పెట్టి, నాలుగు వైపులా కుట్టి, కుట్టు మీద లక్క కరిగించి ముద్ర వేసేవాడు. లక్క లేని పార్శిల్ దారిలో విప్పుతారని ఆయన నమ్మకం. తెల్లదొరలు పెట్టిన పద్ధతి అది. దొరలు పోయి ఎన్నేళ్ళయినా లక్క మాత్రం కనకయ్య దగ్గర ఉండిపోయింది.

హారతి బూడిదను ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చింది. పెద్ద ముక్కలు కింద, పొడి పైన. తల్లిని చూడవద్దని చెప్పి గోడ వైపు తిరిగి చేసింది. చేతితో పట్టుకుంటే చీరలా మెత్తగా ఉండాలని రాజనర్సు చెప్పినట్టు డబ్బా చుట్టూ పాలిస్టర్ గుడ్డ మడతలు వేసింది. పైన కూడా అదే గుడ్డ కుట్టి, లక్క కడ్డీని కొవ్వొత్తి మీద కరిగించి చుక్క వేయగానే గుడ్డ చుర్రుమని ముడుచుకుపోయి రంధ్రం పడింది.

"పాలిస్టర్ మీద లక్క ఆగదే," అంది సుభాషిణి మూల నుంచి. "మీ బాపు నూలు గుడ్డ పెడుతుండె."

సూరత్‌లో ఇంటినిండా గుడ్డే, అందులో నూలు గుడ్డ ఎక్కడ? చివరికి దిండు గలీబు కత్తిరించి మళ్ళీ కుట్టింది. కుట్టడం అయ్యాక మార్కర్ పట్టుకొని ఆగిపోయింది.

"అమ్మా, పంపినవారు అని ఎవరి పేరు రాయాలి?"

సుభాషిణి కళ్ళు మూసుకుంది.

"మీ బాపుదే రాయ్. పొరపాటున అత్త కండ్ల పడ్డా, ఎవలన్న చదివి చెప్పినా, కొడుకే పంపిండు అనుకుంటది. అనుమానం రాదు."

హారతి రాసింది. పంపినవారు కనకయ్య, పాండేసర, సూరత్. ఫోన్ నంబరు కూడా ఆయనదే. లోపల ఉన్నది చీర అని కూడా రాసింది. అందుకొనేది సదానందం. అలా కనకయ్య తనను తానే పోస్టులో ఊరికి పంపించుకున్నాడు.

పోస్టాఫీసు ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో జనం నిలబడి ఉన్నారు. హారతి తన వంతు వచ్చేదాకా గోడ మీది బోర్డు చదివింది. పోస్టులో పంపకూడనివన్నీ గుజరాతీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉన్నాయి. పేలేవి, మండేవి, కుళ్ళేవి, కారేవి, కరిచేవి. చనిపోయినవాళ్ళ గురించి బోర్డు ఏమీ అనలేదు. రెండుసార్లు చదివింది. ఏమీ అనలేదు.

కౌంటర్ వెనక కూర్చున్నావిడ నడివయసు గుజరాతీ ఆమె, కళ్ళజోడు మీద ప్లాస్టిక్ షీల్డు. పార్శిల్ తీసుకొని కాటా మీద పెట్టింది. అంకె పెరిగి పెరిగి ఆగింది. కిలోకు తక్కువే. హారతి ఆ అంకె వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. నూలు చుట్టిన బరువైన మగ్గం బీమును ఒక్కడే భుజాన ఎత్తుకొనే మనిషి.

"అందర్ శు ఛే?" లోపల ఏముందని అడిగింది ఆమె.

"సాడీ."

"బరువుగా ఉందే?"

"వర్క్‌వాళీ ఛే," అంది హారతి, కుట్టుపని ఉన్న చీర అని. గుజరాతీలో అబద్ధం ఇంకా సులువుగా వచ్చింది. అది ఆమె బడి భాష.

"ఎవరికి?"

"నాయినమ్మకు. దాదీ."

ఆ ప్రశ్నకు సదానందం పేరు చెబితే సరిపోయేది. నోటికి నాయినమ్మే వచ్చింది. కౌంటర్ ఆమె షీల్డు వెనక నవ్వింది.

"ఈ నెలంతా నా చేతి మీదుగా మందులు, సర్టిఫికెట్లు, అవే పోతున్నాయి. ఒకరికి చీర పంపేదానివి నువ్వొక్కదానివే కనబడ్డావు. మంచి పని చేశావమ్మాయ్." లక్క ముద్రలు చూసి ఇంకా నవ్వింది. "ఇవి ఇప్పుడు అక్కర్లేదు. ఎవరు నేర్పారు?"

"మా బాపు."

దూరానికి ఇంత, బరువుకు ఇంత అని యంత్రం లెక్కగట్టి చీటీ కక్కింది. ఆవిడ పార్శిల్ మీద చీటీ అంటించి, చీరే కదా అని వెనక ఉన్న సంచిలోకి విసిరింది. దబ్బుమని చప్పుడయింది. హారతి ఆ చప్పుడుకు తానే ఎక్కడి నుంచో పడ్డట్టు గోడను పట్టుకుంది.

ఆమె వెనక నిలబడ్డ ముసలాయన ముందుకు వచ్చాడు. చేతిలో చిన్న పెట్టె.

"అస్థి ఛే, బెన్," అన్నాడు మామూలు గొంతుతో, అస్థికలు అక్కా అని. "నా భార్య. హరిద్వార్ పంపాలి."

హారతి పక్కకు జరిగి నిలబడింది. ఇప్పుడు కేకలు మొదలవుతాయనుకుంది. పోలీసులు వస్తారనుకుంది. కౌంటర్ ఆమె లేచి నిలబడింది. పెట్టెను రెండు చేతులతో అందుకుంది.

"పైన పెద్ద అక్షరాలతో అస్థి అని రాయండి భాయ్. దారిలో ఎవరి చేతికి వచ్చినా జాగ్రత్తగా పట్టుకుంటారు. పంపినవారు అన్నచోట మీ పేరు, మీరు ఆమెకు ఏమవుతారో రాయండి."

ముసలాయన రాశాడు. ఆవిడ ఆ పెట్టెను సంచిలో వేయలేదు. పక్క బల్ల మీద విడిగా పెట్టింది.

అంతే. అంత చిన్న పని. రాజనర్సు తెలివి మండిపోను, ఒక్కసారి అడిగి ఉంటే కనకయ్య కూడా ఆ బల్ల మీద ఉండేవాడు. హారతి నోరు తెరిచింది. బెన్, నాది కూడా అదే, చీర కాదు, అని అనాలి. ఆ తర్వాత పంపినవాడు ఎవరని ఆవిడ అడుగుతుంది. చనిపోయినవాడే అని చెప్పాలి. మంచి పని చేశావమ్మాయ్ అన్న మనిషితో, ఇంతమంది ముందు. అంతలో చేతిలో ఫోన్ మోగింది. తల్లి. ఆయాసంగా ఉంది, తొందరగా రా అంది. హారతి గుండ్రాలు దాటుకుంటూ బయటికి పరుగెత్తింది. పరుగెత్తడానికి ఒక కారణం దొరికినందుకు ఆమెకు ఆ క్షణాన ఊరటగా కూడా అనిపించింది.

ఆ రాత్రి సదానందానికి ఫోన్ చేసి చెప్పారు. ఆయన వడ్లు కొనే సెంటర్లో కుప్ప దగ్గర కాపలా ఉన్నాడు. భార్య కూడా అక్కడే. తూకం ఎప్పుడు వేస్తారో తెలియదు, వదిలిపోతే వానకు తడుస్తాయి.

"ఫికర్ చెయ్యకున్రి. నా పేరు మీద వచ్చింది నాకే ఇస్తరు, దస్తకతు వెట్టనిది ఇయ్యరు. పోస్టాయన నాకు ఫోన్ జేస్తడు, నేను ఈడికే తెప్పించుకుంట. వచ్చేతందుకు వారం వడ్తది తియ్యి."

సుభాషిణికి జ్వరం తగ్గింది. గోడ పట్టుకొని గుమ్మం దాకా నడిచింది. ఇంకొన్నాళ్ళు, అంది. రైళ్ళు కాస్త తేరుకుంటే వెళ్దాం. అత్తకు ఏమని మొదలుపెట్టాలో పడుకునే ముందు మనసులో అనుకునేది. ముందు నీళ్ళు తాగించాలి. కూర్చోబెట్టాలి. కొడుకు పేరు ఎత్తకుండా మొదలుపెట్టాలి. హారతి వింటున్నదని తెలిసి ఆ మాటలు ఒకసారి పైకే అంది.

ఒకరోజు మధ్యాహ్నం కనకయ్య ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మీరు పంపిన పార్శిల్ అందజేయబడింది. వారం పడుతుందనుకున్నది ముందే వెళ్ళిపోయింది.

"అమ్మా, పెద్దబాపుకు అందింది," అంది హారతి. సుభాషిణి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. సదానందానికి ఫోన్ కలిపితే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. వడ్ల కుప్ప దగ్గర ఛార్జింగ్ ఎక్కడిది అనుకున్నారు.

అంతలోనే ఫోన్ మోగింది. దీపాల వేళ కాదు, పట్టపగలు. హారతి స్పీకర్ పెట్టింది.

"కొడుకా! చీర వచ్చిందిరో!"

హారతి తల్లి వైపు చూసింది. సుభాషిణి లేచి కూర్చుంది.

"నాయినమ్మా, నేను హారతిని. దాన్ని విప్పకు. అది నీది కాదు. పెద్దబాపుది."

"పెద్దబాపుకు చీరెందుకే? కట్టుకుంటడా?" నర్సవ్వ పళ్ళులేని నోటితో పకపకా నవ్వింది. "పోస్టు పిలగాడు మీ పెద్దబాపుకు ఫోన్ జేస్తె తాకలే. పైన చదివి చెప్పిండు. కనకయ్య పంపిండు, చీర అని. గా సూరత్ చీర నీకు గాక ఎవలకు ముసలమ్మా అన్నడు. దస్తకతు గూడ అడగలే. కరోనా గద, గడపల పెట్టి పోయిండు."

"నాయినమ్మా, విను. విప్పకు. నీకు దండం పెడ్త."

"పోయిన బతుకమ్మకు పంపలే, లాక్‌డౌన్ అని. మనసుల పెట్టుకొని ఇప్పుడు పంపిండు సూడు. నా కొడుకు పంపింది నేను విప్పద్దా?"

ఫోన్‌ను కింద పెట్టిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత కొడవలితో దారం కోస్తున్న చప్పుడు. కనకయ్య ఎలా కుట్టేవాడో అలాగే కుట్టింది హారతి, గట్టిగా. అది తెగడానికి కాస్త సమయం పట్టింది. అంతసేపూ హారతి ఫోన్‌లోకి అరుస్తూనే ఉంది. నాయినమ్మా, నాయినమ్మా. కింది గదుల్లో వాళ్ళు బయటికి వచ్చి పైకి చూశారు.

"చీర లేదు," అంది నర్సవ్వ గొంతు దూరం నుంచి. "ఉత్త గుడ్డ పేలికలున్నయి. లోపట డబ్బ ఉన్నది… ఓ, విబూది! ఏ దేవునిదే? కరోనా రావద్దని పంపిండా? గిదేంది, ఎములాడ రాజన్న విబూది మన కాడ ఉండంగ సూరత్ నుంచి విబూదా? మంచిది తియ్యి. కండ్లకద్దుకున్న. నొసట వెట్టుకున్న."

హారతి అరవడం ఆపేసింది. ఇక అరవడానికి ఏమీ లేదు.

అవతల డబ్బా నేలకు రాసుకున్న చప్పుడయింది. వేళ్ళు డబ్బాలో ఇంకా లోపలికి వెళ్ళి ఉంటాయి. ఎన్నో చావులు చూసిన మనిషి నర్సవ్వ. ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"బిడ్డా." ఈసారి గొంతు ఫోన్‌కు దగ్గరగా ఉంది. "గిండ్ల కాలిన బొక్కలున్నయి."

హారతి ఫోన్‌ను ఒళ్ళోకి తీసుకుంది.

"ఎవలయే ఇవి?"

సుభాషిణి మంచం పట్టె పట్టుకుంది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. నర్సవ్వ తనలో తానే మాట్లాడుకోవడం ఇద్దరికీ వినబడింది.

"పంపింది నా కొడుకు… పిల్ల ఫోన్ల ఉన్నది…" ఆగింది. "అయ్యో. అయ్యో, సుభాషిణిదా?"

కాదనడానికి హారతికి నోరు రాలేదు. కాదంటే తర్వాతి మాట ఏమిటో ఆమెకు తెలుసు. ఆ మౌనాన్నే నర్సవ్వ జవాబు అనుకుంది. ఏడుపు అందుకుంది.

"ఓ నా కోడలా! నా బంగారు తల్లీ! గిట్ల డబ్బల వచ్చినవానే నా ఇంటికి! జరమొచ్చింది అన్నరు, ఎట్లున్నవని ఒక్కనాడన్న అడగకపోతినే! రోజు ఫోన్ జేస్తి, రోజు నా కొడుకునే అడుగుతి! నా అసొంటి నోటిదానికి ఎన్నడు ఎదురు చెప్పలేదే నువ్వు! నువ్వు పెట్టిన బువ్వ తిని బాగున్నదని ఒక్కమాట అనలేదే నేను! నా కొడుకును సూరత్‌ల నిలవెట్టినదానివి నువ్వే, ఆ ముచ్చట నీకు చెప్పక ముందే పోయినవానే!"

తన చావుకు అత్త ఏడవడం సుభాషిణి వింటూ కూర్చుంది. పెళ్ళయిన నాటి నుంచి ఆ నోట ఒక్క మంచి మాట వినని మనిషి, అన్నీ ఒకేసారి వింటోంది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి గానీ చప్పుడు చేయలేదు. హారతి దగ్గరికి జరిగి చెవిలో అంది.

"అట్లనే ఉండనియ్యే. నేనే పోయిన అనుకోనియ్యి. కొడుకు ఉన్నడు అనుకుంట బతుకుతది."

హారతి తల్లిని పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత, దేవుడు క్షమించాలి, ఆ పిల్ల కూడా ఒక్క క్షణం ఆలోచించింది. ఎన్ని అబద్ధాలు చెప్పలేదు? ఇంకొకటి.

"కొడుకేడే?" నర్సవ్వ ఏడుపు మధ్యలో ఆగి అడిగింది. "వానికియ్యి ఫోన్. గొంతు పోయింది అన్నవు. గిందుకా? ఏడ్సి ఏడ్సి పోయిందా నా కొడుకు గొంతు? అయ్యో, నేను మిరాల కషాయం అని జెప్తి! వాడు మాట్లాడకున్నా మంచిదే బిడ్డా. వాని చెవి కాడ పెట్టు. నేనే మాట్లాడ్త. నేనున్న అని జెప్త. పెట్టు బిడ్డా. పెట్టినవా? కొడుకా, ఇంటున్నవా? ఏడ్వకురా. నేనున్న. నీకు ఎవలు లేరనుకోకు. అవ్వ ఉన్నది. ఇంటున్నవా?"

ఆ మాటలు గదిలో ఎవరి చెవి దగ్గరా లేవు. గాలిలోకి పోతున్నాయి. వాడు వింటున్నాడనుకొని నర్సవ్వ ఇంకా చెబుతూనే ఉంది. పిల్లను మంచిగా చూసుకో అంది. నువ్వు తిండి మానకు అంది. నీ చిన్నప్పుడు మీ నాయిన పోయినప్పుడు నేను ఏడ్చానా, నిన్ను చూసుకొని బతకలేదా అంది. ఒక్కసారి ఊఁ అను, చాలు అంది.

ఊఁ అనేవాళ్ళు లేరు. హారతి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

సుభాషిణి ఫోన్ తీసుకుంది. స్పీకర్ తీసేసి, కొంగుతో మూతి తుడుచుకొని, ఒకసారి గొంతు సవరించుకుంది. నీళ్ళు తాగించి, కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకొని చెప్పాలనుకున్న మాటల్లో ఒక్కటీ ఆమెకు గుర్తు రాలేదు.

"అత్తా," అంది.

అవతల ఏడుపు తెగిపోయింది.

"ఎవలు?"

"నేను అత్తా. సుభాషిణిని."

అవతల ఫోన్‌ను చెవికి అదుముకున్న చప్పుడు వచ్చింది.

"నువ్వున్నవా?"

"ఉన్న అత్తా."

నర్సవ్వ ఇంకేమీ అడగలేదు. అడగాల్సినది మిగల్లేదు. డబ్బా కింద పడి దొర్లిన చప్పుడు వచ్చింది.

"మరి నా నొసట…" అని ముసలమ్మ ఆగిపోయింది.

సుభాషిణి అత్తా, అత్తా అని పిలుస్తూ కూర్చుంది. అవతల ఫోన్ తెరిచే ఉంది. ఆ ఇంట్లో ఆమెను పట్టుకోవడానికి ఎవరూ లేరు.